నోరులేని జీవం, నోట్లో ఇనుము

కొన్నేళ్ళ కిందట ప్రాజెక్టు పని మీద లీడ్స్‌లో పదకొండు నెలలున్నాను. నేను అద్దెకున్న ఇంటి ఓనరు డెబ్భై దాటిన పెద్దాయన. పుట్టి పెరిగిందంతా యార్క్‌షైర్‌లోనే. చలికాలం సాయంత్రాలు పైగదిలో ఒక్కడినే కూర్చుంటానని నన్ను కిందికి, హాల్లోకి పిలిచేవారు. టీ తాగుతూ టీవీలో యూట్యూబ్ పెట్టుకుని ఇద్దరం పాత షోజంపింగ్ పోటీలు చూసేవాళ్ళం. అప్పటిదాకా నాకు తెలిసిన గుర్రాలు రెండే రకాలు: పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళానికి బెదిరేది, సినిమాలో హీరోని మోసేది.

ఆట అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మైదానంలో రంగురంగుల కర్రలతో అడ్డంకులు కడతారు. గుర్రం వాటిని వరసగా దూకాలి. అడ్డంకి మీద కర్ర పడితే నాలుగు తప్పులు. తప్పులు తక్కువున్నవాళ్ళు గెలుస్తారు, సమానమైతే తొందరగా ముగించినవాళ్ళు.

పెద్దాయనకి ప్రాణం మిల్టన్ అనే తెల్లగుర్రం. దాన్ని మొదట తీర్చిదిద్దింది కెరొలిన్ బ్రాడ్లీ. ఆమె 1983లో హఠాత్తుగా చనిపోతే, వాళ్ళ అమ్మానాన్నలు గుర్రాన్ని అమ్ముకోకుండా జాన్ విటాకర్ చేతికిచ్చారు. అతనూ యార్క్‌షైర్ వాడే. ఆ ఇద్దరూ కలిసి 1990, 1991లలో వరసగా రెండుసార్లు ప్రపంచకప్ ఫైనల్ గెలిచారు. గుర్రప్పందాల బయట పది లక్షల పౌండ్లు సంపాదించిన మొదటి గుర్రం అదే. ఇదంతా చెబుతూ ఆయన ప్రతిసారీ ఒకచోట ఆగేవారు, కెరొలిన్ దగ్గర. కూతురి గుర్రం దూకుతుంటే ఆ తల్లిదండ్రులకి ఎలా ఉండేదో అని.

ఒకరోజు, "ఆ రోజుల్లో ఇన్ని సామాన్లెక్కడివి? గుర్రం, మనిషి, అంతే" అన్నారు. నాకు ఉద్యోగం వల్ల పట్టుకున్న ఒక జబ్బుంది. ఏది చూసినా పాజ్ చేసి చూస్తాను. ఆ సాయంత్రం నడుస్తున్నది డెబ్భైల నాటి క్లిప్. పాజ్ చేసి, గుర్రం తల మీద తోలుపట్టీలు లెక్కపెట్టాను. బుగ్గల మీద ఒకటి, ముక్కు మీద ఒకటి, దానికింద గడ్డం చుట్టూ ఇంకొకటి, రొమ్ము నుంచి ముందుకాళ్ళ మధ్యగా పొట్ట కిందికి పోయేది మరొకటి. "ఇవన్నీ ఏంటండీ?" అంటే సంతోషంగా ఒక్కోదాని పేరూ, పనీ చెప్పారు. ఐదు నిమిషాల కిందట తను అన్న మాటకి ఇది ఎదురు తిరుగుతోందని ఆయన గమనించలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు.

ఈ వ్యాసం ఆ పట్టీల గురించే. వాటిని పెట్టినవాడికి కూడా జ్ఞాపకంలో అవెందుకు కనబడవు అన్నది నా ప్రశ్న.

*

ఆటల జ్ఞాపకాలు కూడా ఒక సాహిత్యప్రక్రియేనని నా అనుమానం. వాటికీ కథాసూత్రాలుంటాయి. షోజంపింగ్ జ్ఞాపకాల్లో నాయకపాత్ర దాదాపు ఎప్పుడూ పనికిరాదనుకున్న గుర్రమే. 1949లో చిలీలోని వీన్యా దెల్ మార్‌లో 2.47 మీటర్ల ఎత్తు దూకిన వాసో, పందాల్లో అక్కరకు రాని గుర్రం. ఆ రికార్డు ఇప్పటికీ చెదరలేదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో మారియన్ కోక్స్‌కి రజతం తెచ్చిన స్ట్రోలర్ అసలు గుర్రమే కాదు, పోనీ. పెద్దగుర్రాలకని కట్టిన అడ్డంకుల ముందు అది ఆటవస్తువులా కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద కథ హల్లాది. 1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగినా, ఆస్ట్రేలియా క్వారంటైన్ నియమాల వల్ల గుర్రాల పోటీలు స్టాక్‌హోమ్‌లో పెట్టారు. మొదటి రౌండు చివర్లో జర్మన్ రౌతు హాన్స్ గుంటర్ వింక్లర్‌కి గజ్జల్లో కండరం చిరిగింది. అతను తప్పుకుంటే జట్టంతా తప్పుకున్నట్టే. మందులిచ్చి రెండో రౌండుకి ఎక్కించారు. కాళ్ళతో గుర్రాన్ని అదిమే స్థితి లేదు. దూకిన ప్రతిసారీ నొప్పికి కేకపెట్టాడంటారు. హల్లా ఒక్క కర్ర కూడా పడకుండా ఆ రౌండు పూర్తిచేసింది. వ్యక్తిగత స్వర్ణం, జట్టు స్వర్ణం రెండూ వచ్చాయి. ఇక ముందు ఏ పోటీగుర్రానికీ ఆ పేరు పెట్టకూడదని జర్మన్ సమాఖ్య నిర్ణయించింది.

ఈ కథని ఎప్పుడూ విశ్వాసం కథగా చెబుతారు. యజమాని నొప్పి గుర్రానికి అర్థమైందట. గుర్రానికి ఏం అర్థమైందో నేను చెప్పలేను. కానీ కథనంగా చదివితే ఒకటి తేటగా కనిపిస్తుంది. ఆ రౌండులో రౌతు చెయ్యగలిగింది చాలా తక్కువ. దారి చూపించడం, మీద నిలబడటం, అడ్డు రాకుండా ఉండటం. మిగతాదంతా గుర్రం చేసింది. ఈ ఆట తన చరిత్ర మొత్తంలో అపురూపంగా దాచుకున్న రౌండు, గుర్రం మీద మనిషి అదుపు అతి తక్కువగా ఉన్న రౌండు.

ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ఈ ఆటకి పునాది వేసిన మనిషిని చూడండి. ఫెడెరికో కప్రీలీ, ఇటలీ అశ్వికదళంలో కెప్టెన్. 1907లో 39వ ఏట గుర్రం మీదినుంచి పడి చనిపోయాడు. ఆయనకి ముందు అడ్డంకి దూకేటప్పుడు రౌతు వెనక్కి వాలేవాడు, పడిపోకుండా పగ్గాలకి వేలాడేవాడు. ఆ బరువంతా గుర్రం నోటి మీద పడేది. కప్రీలీ మనిషిని ముందుకి వంగమన్నాడు. గుర్రం మెడ చాపితే చేతులు దాన్ని అనుసరించాలన్నాడు. ఇవాళ దూకే ప్రతి రౌతూ ఆయన శిష్యుడే. అంటే ఈ ఆట మొదటి పాఠం కొత్త సరంజామా గురించి కాదు, పగ్గం పట్టిన చెయ్యి ఎక్కడ వదులవ్వాలో చెప్పేది.

తలుచుకునేది పగ్గం వదిలిన ఘట్టాన్ని, కొనుక్కునేది పగ్గం బిగించే సామానుని. పాత షోజంపింగ్ మీద మమకారంలో ఉన్న మెలిక ఇక్కడుందని నా అభిప్రాయం.

*

మన భాష కూడా ఈ విషయంలో జీను మీదే కూర్చుని మాట్లాడుతుంది. ఖర్చులకి కళ్ళెం వెయ్యాలంటాం. పార్టీ పగ్గాలు ఫలానా ఆయన చేపట్టాడంటాం. పెళ్ళయితే కుర్రాడికి ముకుతాడు పడుతుందంటాం. అన్నిట్లోనూ లాగే చెయ్యి మనది, అవతల లాగించుకునేది ఏదో ఒకటి. కళ్ళెం ఎలా ఉంటుందో దాన్ని నోట్లో పెట్టుకున్నవాళ్ళ వైపునుంచి చెప్పే పలుకుబడి ఒక్కటి కూడా నాకు తట్టలేదు. పైగా జంతువుల్ని జాలిపడుతూ 'నోరులేని జీవాలు' అంటాం. గుర్రం విషయంలో ఈ మాట వింతగా ఉంటుంది. గుర్రపుస్వారీ కథంతా దాని నోట్లోనే నడుస్తుంది. ముందుపళ్ళకీ వెనకపళ్ళకీ మధ్య చిగురు ఖాళీగా ఉన్న చోటు ఒకటుంది. ఇనుప కడ్డీ అక్కడే, నాలుక మీదుగా కూర్చుంటుంది. దాన్నే వాళ్ళు బిట్ అంటారు.

ఆ నోటికి మాటలిచ్చిన పుస్తకం ఒకటుంది. 1877లో వచ్చిన 'బ్లాక్ బ్యూటీ'. మా స్కూల్లో దాన్ని కుదించి ఇంగ్లీషు నాన్‌డిటెయిల్డ్‌గా పెట్టారు. అప్పుడు పరీక్ష కోసం చదివాను. లీడ్స్‌లో ఉండగా పూర్తి పుస్తకం చదివితే, అది పిల్లల కథ ముసుగులో రాసిన సరంజామా విమర్శ అని తెలిసింది. రచయిత్రి ఆనా స్యూయెల్‌కి పద్నాలుగో ఏట కాలు దెబ్బతిని మళ్ళీ సరిగా నడవలేకపోయింది. ఎక్కడికి పోవాలన్నా గుర్రబ్బండే గతి. మంచాన పడి రాసిన ఈ ఒక్క పుస్తకం వెలువడ్డ కొద్ది నెలలకే, 1878లో చనిపోయింది. గుర్రాలతో బతికే మనుషులు చదవాలని రాసింది, పిల్లల కోసమని కాదు.

కథ చెప్పేది గుర్రం. అందువల్ల కథనంలో వస్తువుల కొలతలు మారిపోతాయి. మనిషి చెప్పే కథలో 'కళ్ళెం తగిలించాడు' అని రెండు మాటల్లో అయిపోయేది, ఇక్కడ ఒక సంఘటన. మొదటిసారి ఇనుము నోట్లోకి వచ్చినప్పుడు అది ఎంత చల్లగా, ఎంత మందంగా ఉందో, దాన్ని ఎందుకు ఉమ్మెయ్యలేమో తెలుస్తుంది. అయినా స్యూయెల్ కళ్ళెమే వద్దనదు. మంచి మాటలు, కాస్త దాణా, ఓపిక ఉంటే గుర్రం దానికి అలవాటు పడుతుందని ఆ గుర్రం చేతే చెప్పిస్తుంది. ఆమె పోరాటమంతా బేరింగ్ రెయిన్ మీద. బండిగుర్రం తల ఠీవిగా పైకి నిలబడటానికి బిగించే పట్టీ అది. దానివల్ల ఎత్తు ఎక్కేటప్పుడు తల ముందుకి వంచి బరువు లాగడానికి ఉండదు. ఉపయోగం ఏమీ లేదు, చూసేవాళ్ళకి అందం. దొరసాని ఆ పట్టీని ఒక్కో బెజ్జం చొప్పున బిగించమంటుంది. చివరికి జింజర్ అనే ఆడగుర్రం తట్టుకోలేక తిరగబడుతుంది. అక్కడినుంచి దాని బతుకు దిగజారుతూ పోతుంది.

'ఒక్కో బెజ్జం' అన్నది ఆ పుస్తకంలో నాకు దొరికిన తాళంచెవి. క్రూరత్వం అక్కడ కొరడా పట్టుకుని రాదు. నిన్నటి కంటే ఒక బెజ్జం ఎక్కువగా వస్తుంది. నిన్న అలవాటైంది కాబట్టి ఇవాళ్టిది పెద్దగా కనబడదు.

*

ఇప్పుడు షోజంపింగ్‌లో బెజ్జాల గొడవ ముక్కుపట్టీ దగ్గర నడుస్తోంది. ముక్కు చుట్టూ కట్టే తోలుపట్టీ ఇది, ఇందులో చాలా రకాలు. ముఖం మీద అడ్డుగా ఇంటూ గుర్తులా వచ్చే రకానికి గ్రాకిల్ అని పేరు. 1931లో గ్రాండ్ నేషనల్ గెలిచిన గుర్రం పేరది. గుర్రం నోరు తెరిచి బిట్‌ని తప్పించుకోకుండా చూడటం ఇలాంటి పట్టీల పని. పట్టీకీ ముక్కు ఎముకకీ మధ్య రెండు వేళ్ళు దూరాలని పాతకాలం నుంచీ స్వారీ పుస్తకాల్లో ఉన్న నియమం. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో ఐర్లాండ్, ఇంగ్లండ్, బెల్జియంలలో ఈవెంటింగ్, డ్రెసాజ్ లాంటి పోటీలకొచ్చిన 750 గుర్రాల పట్టీలు కొలిచారు. రెండు వేళ్ళ సందు ఉన్నవి 7 శాతం. ఒక్క వేలు కూడా దూరనివి 44 శాతం.

ఈ అంకెలు చదివినప్పుడు నాకు ఆఫీసు గుర్తొచ్చింది. మా పనిలో ఒక చెడ్డ అలవాటుంది. ప్రోగ్రాం ఎక్కడో ఎర్రర్ ఇస్తుంటే, కారణం వెతికే టైం లేక, ఆ ఎర్రర్ మెసేజ్ బయటికి రాకుండా మూసేస్తాం. స్క్రీన్ శుభ్రంగా ఉంటుంది, రిలీజ్ అవుతుంది, అందరూ అభినందిస్తారు. నేనూ చేశాను, ఒకసారి కాదు. గుర్రం నోరు తెరవడం దాని ఎర్రర్ మెసేజ్. చెయ్యి బరువుగా ఉందనో, పన్ను నొప్పిగా ఉందనో, ఇనుము సరిపోలేదనో చెబుతోంది. పట్టీ ఇంకో బెజ్జం బిగిస్తే ఆ మెసేజ్ రాదు. న్యాయనిర్ణేతకి ముచ్చటగా నోరు మూసుకున్న గుర్రం కనిపిస్తుంది. నోరులేని జీవమన్న మాటని మనమే చేత్తో నిజం చేస్తున్నాం.

అలాగని నిన్నంతా బంగారం, ఇవాళంతా బూడిద అని తేల్చెయ్యడానికి లేదు. తలెత్తకుండా ఆపే మార్టింగేల్ పట్టీలు, లివర్‌లా పనిచేసే బిట్‌లు పాత ఫోటోల నిండా ఉన్నాయి. గుర్రం ఇంకా ఎత్తు దూకాలని సాధనలో దాని కాళ్ళకి కర్ర తగిలించే పద్ధతి ఉండేది. ర్యాపింగ్ అంటారు. 1990లో జర్మనీలో దాని వీడియో బయటికి వచ్చి పెద్ద గొడవైంది. 2008 హాంకాంగ్ ఒలింపిక్స్‌లో మిరపకాయల్లో ఉండే కాప్సైసిన్ దొరికి షోజంపింగ్ గుర్రాల్ని పక్కనపెట్టారు. కాలి చర్మానికి అది రాస్తే కర్ర తగిలినప్పుడు మంట ఎక్కువవుతుంది. నార్వే జట్టు కాంస్యపతకం పోయింది. మిరపకారం పేరు చెబితే మనకి ఇంకేమీ వివరించక్కర్లేదు.

మారినదీ ఉంది. వెనకకాళ్ళని ఒత్తి పైకి ఎగరేయించే బూట్లని అంతర్జాతీయ సమాఖ్య విడతలుగా తీసేసి, 2021 నుంచి అన్ని పోటీల్లోనూ నిషేధించింది. ముక్కుపట్టీ కింద 1.5 సెంటీమీటర్ల సందు ఉందో లేదో చూసే కొలపరికరం 2025లో అమల్లోకి వచ్చింది. స్యూయెల్ బెజ్జాల లెక్క చెప్పాక దాదాపు నూటయాభై ఏళ్ళకి అధికారులు కొలబద్ద పట్టుకున్నారన్నమాట. దీని వెనక దయ ఎంతో, భయం ఎంతో చెప్పడం కష్టం. 2021లో టోక్యోలో మోడర్న్ పెంటాథ్లాన్ జరుగుతుంటే, దూకనని మొరాయించిన గుర్రాన్నీ, దానిమీద ఏడుస్తూ కొరడా ఆడించిన క్రీడాకారిణినీ ప్రపంచమంతా చూసింది. 2024 పారిస్ తర్వాత ఆ పోటీలోంచి గుర్రపుస్వారీనే తీసేశారు. షోజంపింగ్ వాళ్ళకి అది పక్కింటి చావు.

కొత్త ధోరణికీ ఒక ఫ్యాషన్ ఉంది. 'శరీర నిర్మాణానికి అనుగుణమైన' కళ్ళేలు అని ఖరీదైనవి అమ్ముతున్నారు. బిట్ లేకుండా ముక్కు మీద పనిచేసే హాకమోర్ అనగానే సున్నితమైనది అనుకుంటారు. పక్కన పొడవాటి ఇనుప కాడలున్న రకం మొరటు చేతిలో పడితే మెత్తటి బిట్ కంటే ఎక్కువ బాధపెట్టగలదు. వస్తువు మారిస్తే చెయ్యి మారినట్టు కాదు. కప్రీలీ నాటి పాఠమే ఇది.

అదే టోక్యోలో ఇంకొకటి కూడా జరిగింది. జట్టు స్వర్ణం గెలిచిన స్వీడన్ గుర్రాల్లో రెండు, పేడర్ ఫ్రెడ్రిక్సన్ ఆల్ ఇన్, హెన్రిక్ ఫాన్ ఎకెర్మాన్ కింగ్ ఎడ్వర్డ్, కాళ్ళకి నాడాలు లేకుండా దూకాయి. నాడా లేకపోవడమే దయ అని నేననను. వాటి డెక్కలకి అది సరిపడింది, వాళ్ళు గమనించి తీసేశారు. కానీ ఇవాళ్టి పిల్లలు ముప్ఫై ఏళ్ళ తర్వాత తలుచుకునే గుర్రాలు ఇవే అవుతాయని పందెం కాస్తాను. హల్లా కథలాగే ఇదీ ఏదో తగ్గించుకున్న కథ.

*

లీడ్స్ వదిలే ముందు ఈ ఆలోచనల్లో కొన్ని పెద్దాయనకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను జీవితమంతా ప్రేమించింది తప్పేనంటావా?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని నలుపు తెలుపు టీవీలో వెంబ్లీ పోటీలు చూసిన మనిషి ఆయన. పట్టీలు లెక్కపెట్టే హక్కు నాకెవరిచ్చారన్నది న్యాయమైన ప్రశ్నే. నాకు ఆ జ్ఞాపకం లేదు కాబట్టి లెక్కపెట్టడం సులువైంది.

ఆ వారమే ఊరికి ఫోన్ చేసినప్పుడు తాతయ్యతో మాటల్లో ఎద్దుల సంగతి వచ్చింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఆయనకి ఒంగోలు ఎద్దుల జత ఉండేదని చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఆ జత గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతూ పెద్దాయన గొంతులాగే మెత్తబడుతుంది. "ముకుతాడు ఎంత బిగించేవాడివి తాతయ్యా?" అనడిగాను. "బిగించేదేందిరా, ఊరికే లాగితే ముక్కు తెగుద్ది. అప్పుడిక నువ్వు చెప్పేది దానికి ఎక్కదు, నొప్పొకటే తెలుసుద్ది," అన్నాడు. కాసేపాగి, "కుర్రతనంలో లాగాన్లే. తెల్లదానికి ముక్కు పుండైంది ఒకసారి. మీ జేజమ్మ రెండ్రోజులు నాకు అన్నం పెట్టలా," అన్నాడు.

ఆ పుండు సంగతి నేనెప్పుడూ వినలేదు. ముప్ఫై ఏళ్ళుగా వింటున్న ఎద్దుల కథలో అది లేదు. అడిగితే వచ్చింది. వచ్చినందువల్ల ఆ ఎద్దుల మీద ఆయన ప్రేమ అబద్ధమైపోలేదు. నాకైతే ఇంకొంచెం నమ్మదగినదిగా కనిపించింది.

పెద్దాయనకి నేనివ్వాల్సిన జవాబు ఇదేననుకుంటాను. మర్నాడు టీ టైంలో సగమే చెప్పగలిగాను, నా ఇంగ్లీషు అంతవరకే సాగింది. ఆయన తల ఊపి మిల్టన్ వీడియో పెట్టారు. ఈసారి రిమోట్ ఆయన చేతిలో ఉంది. గుర్రం అడ్డంకి మీదికి లేచినచోట ఆయనే పాజ్ చేసి, లేచి టీవీ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, దాని నోటివైపు చూశారు.